నాటిన చెట్లెన్ని? నిలిచే చెట్లెన్ని?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ కరువుభత్యం బకాయిల గురించో, వైద్య ఖర్చుల బిల్లుల గురించో అనుకున్నాను. ఆ సంగతులు నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడే ఉన్నారు. "అవి కాదు, మీరు చెట్ల గురించి చెప్పండి" అన్నారాయన. అందుకు కారణం లేకపోలేదు. ఈ మధ్య మన సభ్యులు ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, ఒకే రకం రంగుల కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఊరికి దూరంగా కొన్ని గుంటల భూమి, అందులో ఇన్ని శ్రీగంధం మొక్కలు, ఇన్ని టేకు మొక్కలు, ఇన్నేళ్ళకు ఒక్కో చెట్టు ఇంత ధర. చెట్ల సంఖ్యను ధరతో హెచ్చవేసి కింద పెద్ద అంకె వేశారు. "నువ్వు అడవి ఆఫీసులో చేసినవాడివి గదా, ఇది నమ్మవచ్చునా?" అని ముగ్గురిదీ ఒకటే ప్రశ్న. విడివిడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేసారి చెప్పుకోవడం మేలని ఒప్పుకున్నాను. పైగా ఈ విషయంలో నాకు పాత బాకీ ఒకటుంది. అది చివర చెబుతాను.

ముందే ఒక మాట మనవి చేసుకుంటాను. నేను అటవీశాస్త్రం చదివినవాణ్ణి కాను. గుమాస్తాను. 1973లో ఒక అటవీ డివిజను కార్యాలయంలో చేరి, 2008లో అదే శాఖలో పదవీ విరమణ చేశాను. చెట్ల గురించి నాకు తెలిసిందంతా రిజిస్టర్లు రాసి, కూడికలు వేసి, అడవిలో తిరిగేవారు చెబితే విని నేర్చుకున్నదే.

1977లో అనుకుంటాను, ఒక టేకు తోటలో పలుచన చేసే పని జరుగుతోంది. దాన్ని మా శాఖలో థిన్నింగు అంటారు. నరకవలసిన చెట్లకు ముందుగా ముద్ర సుత్తితో గుర్తు వేసి, వరుస నంబరు, చుట్టుకొలత రాసుకుంటారు. ఆ జాబితా కార్యాలయానికి వస్తే మొత్తాలు వేసి శుభ్రప్రతి రాసేది నేను. ఆ ఏడు జాబితాలో అంకెలు చూసి నాకు అనుమానం వచ్చింది. వందల చెట్లు, అన్నీ పచ్చగా ఉన్నవే, తోట సగానికి సగం పోతోంది. ఎవరో కలప అమ్ముకుంటున్నారేమో అనుకున్నాను. కుర్రతనం. ఆ మాటే మా హెడ్‌గుమాస్తాగారి చెవిన వేశాను. ఆయన నవ్వి, "ఊరికే అనుమానపడటమెందుకు నాయనా, రేపు జీపు వెళుతోంది, ఎక్కి చూసిరా" అన్నారు.

వెళ్ళాను. అక్కడి ఫారెస్టరు పెద్దవాడు, చుట్టకాల్చే మనిషి. నన్ను తోట మధ్యకు తీసుకుపోయి, "పైకి చూడవయ్యా" అన్నాడు. చూశాను. ఆకాశం కనిపించలేదు. ఒక చెట్టు కొమ్మలు పక్క చెట్టు కొమ్మలకు తగిలి పైన పందిరి వేసినట్లుంది. "ఇప్పుడు కిందకి చూడు" అన్నాడు. ప్రతి చెట్టుకూ కింది కొమ్మలు ఎండిపోయి ఉన్నాయి. పైన కాసిని ఆకులు మాత్రమే పచ్చగా ఉన్నాయి. "ఈ చెట్టుకు అన్నం వండేది ఆ ఆకులు. ఎండ తగలని ఆకు వంట చెయ్యదు. కింది కొమ్మలు పోయాయంటే వంటిల్లు చిన్నదైపోయిందన్నమాట. ఇక పెరిగేదేమిటి?" అన్నాడు. అప్పుడతను చెప్పిన దానిని ఆ తర్వాత రిజిస్టర్లలో ఏళ్ళ తరబడి అంకెల్లో చూశాను.

విషయం ఇది. ఒక ఎకరం మీద పడే ఎండ ఇంత, కురిసే వాన ఇంత, మట్టిలో ఉన్న సారం ఇంత. అది మనం నాటిన మొక్కల సంఖ్యను బట్టి పెరగదు. తోట కొమ్మాకొమ్మా కలిసి నిండుకున్న తర్వాత, ఆ ఎకరం ఏడాదికి తయారుచేసే కలప మొత్తం కాస్త ఎక్కువ తక్కువగా ఒకే తీరున ఉంటుంది. చెట్లు మరీ తక్కువైతే నేల ఖాళీగా పోయి ఆ మొత్తం తగ్గుతుంది. మరీ ఎక్కువైతే చెట్లు బలహీనపడి, కొన్ని చచ్చి, అప్పుడూ తగ్గుతుంది. మధ్యలో మాత్రం చాలా వెసులుబాటు ఉంది. చెట్ల సంఖ్య తగ్గించినా ఎకరం మొత్తం పెద్దగా తగ్గదు. పంపకం మారుతుంది, అంతే. ఆ మొత్తాన్ని వెయ్యి చెట్లకు పంచుతామా, వందకు పంచుతామా అన్నదే తోట వేసినవాడి చేతిలో ఉన్న పని.

ఇందులో చూసేవాణ్ణి మోసం చేసే విషయం ఒకటుంది. చెట్ల ఎత్తు. దగ్గర దగ్గరగా నాటిన తోటలోనూ, దూరం దూరంగా ఉన్న తోటలోనూ, నేల ఒకటే అయితే, ముందు వరుసలో ఉన్న మంచి చెట్ల ఎత్తు ఇంచుమించు ఒకటిగానే ఉంటుంది. ఇరుకు దెబ్బ ముందుగా ఎత్తు మీద పడదు, లావు మీద పడుతుంది. అందుకే రోడ్డు మీద నిలబడి చూసేవారికి ఇరుకు తోట ఎంతో ఏపుగా, నిండుగా కనిపిస్తుంది. టేపు తీసుకుని లోపలికి వెళ్ళి రొమ్మెత్తున కొలిస్తేగాని అసలు సంగతి తెలియదు. శాఖలో చెట్టును కొలిచేది కూడా ఆ ఎత్తునే, నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర.

ఇక లావు లెక్క చూద్దాం. మన దేశంలో దుంగను కొలవడానికి పాత పద్ధతి, చుట్టుకొలతలో నాలుగోవంతు తీసుకుని, దాని వర్గాన్ని పొడవుతో హెచ్చవేయడం. పదడుగుల దుంగ తీసుకోండి. చుట్టుకొలత 12 అంగుళాలైతే నాలుగోవంతు 3 అంగుళాలు, కలప ముప్పాతిక ఘనపుటడుగు కూడా రాదు, 0.625. చుట్టుకొలత 24 అంగుళాలైతే రెండున్నర ఘనపుటడుగులు. 48 అంగుళాలైతే పది. చుట్టుకొలత రెట్టింపయినప్పుడల్లా కలప నాలుగు రెట్లవుతోంది. అంతేకాదు, 12 అంగుళాలది వాసం, గుంజ. 48 అంగుళాలది దూలం, పలక, తలుపు. ఘనపుటడుగు ధర కూడా లావుతోపాటు పెరుగుతుందని కలప అడితికి వెళ్ళినవారందరికీ తెలుసు.

మరి అన్ని చెట్లూ 48 అంగుళాలకు ఎదగకూడదా? ఎదగవు. నిలబడటానికి చోటుండదు. దీనికి లెక్క కట్టినవాడు రైనెకే అనే అమెరికా దేశపు అటవీ శాస్త్రజ్ఞుడు, 1933లో. పూర్తిగా నిండిన తోటలో చెట్ల సగటు లావు రెట్టింపైతే, ఆ నేల మీద నిలవగల చెట్ల సంఖ్య సుమారు మూడోవంతుకు పడిపోతుందని ఆయన సూత్రం చెబుతుంది. ఉదాహరణకు ఒక ఎకరం 12 అంగుళాల చెట్లు 1,200 ఉండగా నిండిపోయిందనుకుందాం. అవే 24 అంగుళాలయ్యేసరికి 400 మిగులుతాయి. 48 అంగుళాలయ్యేసరికి 130. ఇప్పుడు పైన చెప్పిన పదడుగుల దుంగ లెక్క వేయండి. 1,200 చెట్లకు 750 ఘనపుటడుగులు. 400 చెట్లకు 1,000. 130 చెట్లకు 1,300. చెట్లు తొమ్మిదోవంతుకు తగ్గినా కలప తగ్గలేదు, పెరిగింది. పైగా అది గుంజ కాదు, దూలం.

మిగిలిన వెయ్యిపైన చెట్లు ఏమైనట్లు? రెండే దారులు. మనం సమయానికి తీసి వాసాలుగా అమ్ముకోవడం ఒకటి. తీయకపోతే అవి ఒకదానితో ఒకటి పెనుగులాడి, ఓడినవి నీడలో నిలువునా ఎండిపోవడం రెండోది. 1963లో జపాను దేశంలో యోడా అనే ఆయన, ఆయన సహచరులు ఇరుకుగా పెరిగే మొక్కలను తూచి, లెక్కించి, ఒక్కో మొక్క బరువు పెరిగేకొద్దీ బతికివుండే మొక్కల సంఖ్య ఒక లెక్క ప్రకారం తగ్గుతూ పోతుందని చూపించారు. అంటే మనం పలుచన చేయకపోతే ప్రకృతే చేస్తుంది. కాని ప్రకృతికి తొందర లేదు. ఓడిపోయే చెట్టు చచ్చేవరకు తన వంతు నీళ్ళు తాగుతూనే ఉంటుంది, గెలిచే చెట్టును కూడా బక్కచిక్కిస్తుంది. గెలిచినవాడికీ నష్టమే.

ఈ పెనుగులాట సమానుల మధ్య పోరు కాదు. నేల కింద నీటి దగ్గర, ఎవరి వేరు ఎంత ఉంటే వారికి అంత. పైన ఎండ దగ్గర అలా కాదు. ఒక చెట్టు పక్కదానికంటే రెండడుగులు పైకి పోయిందంటే ఎండంతా దానిదే, పక్కదానికి మిగిలేది నీడ. అందువల్ల మొదటి రెండు మూడేళ్ళలో వచ్చిన చిన్న తేడా పదేళ్ళకు పెద్ద తేడా అవుతుంది. టేకు వెలుతురు కోరే చెట్టు, నీడను అసలు ఓర్చుకోదు. మన మెట్ట ప్రాంతాల్లో నీటి కొరత కూడా తోడవుతుంది. అన్ని వేళ్ళూ ఒకే తడిని పీలిస్తే ఎవరికీ సరిపోదు.

దీనికోసం టేకు తోటలకు ఒక పద్ధతి ఏర్పడింది. ఆరడుగులకొకటి చొప్పున నాటితే ఎకరానికి 1,210 మొక్కలు పడతాయి. ఇలా దగ్గరగా నాటడం తప్పు కాదు, కావాలనే నాటుతారు. చిన్నప్పుడు కాస్త ఇరుకుంటే మొక్క నిటారుగా పోతుంది, పక్క కొమ్మలు సన్నగా ఉండి రాలిపోతాయి, కలుపు అణుగుతుంది, ఎన్నుకోవడానికి మొక్కలూ ఉంటాయి. నాలుగైదేళ్ళకు ఐమూలగా వరుస విడిచి వరుస తీసేస్తారు. 605 మిగులుతాయి. ఎనిమిది పదేళ్ళకు మళ్ళీ సగం. పన్నెండడుగులకొకటి లెక్కన 302. ఆ తర్వాత వరుసలు చూడరు, చెట్టును చూస్తారు. వంకరవి, పుచ్చినవి, నీడలో పడ్డవి, మంచి చెట్టు తలకు అడ్డం వస్తున్నవి తీస్తారు. చివరి నరుకుడు నాటికి 24 అడుగులకొకటి అనుకున్నా ఎకరానికి 75. ప్రభుత్వ తోటల్లో ఆ చివరి నరుకుడు సాధారణంగా యాభై అరవయ్యేళ్ళ మాట. కేరళలోని నిలంబూరులో, మలబారు కలెక్టరు కానలీ పూనికతో, చాత్తు మేనోన్ పర్యవేక్షణలో 1840లలో టేకు తోటలు వేశారు. మన దేశపు టేకు తోటలకు అవే ఆది. ఆ తొలి తోటలో ఒక ముక్కను కానలీ పేరుతో ఇప్పటికీ కాపాడుతున్నారు. ఇద్దరు ముగ్గురు చేతులు కలిపితేగాని అందని మాన్లు అవి. ఎకరానికి వేల లెక్కలో కాదు, పదుల లెక్కలో ఉన్నాయి.

ఇక్కడ కాలం ముఖ్యం. మనం పెన్షను కాగితాలు ఆలస్యంగా పంపితే బకాయి ఎప్పటికైనా వస్తుంది. చెట్టుకు ఆ సౌకర్యం లేదు. ఇరుకులో పోయిన పెరుగుదల బకాయిగా రాదు. కింది కొమ్మలు పోయి, తల చిన్నదైపోయిన చెట్టుకు తర్వాత ఎంత చోటిచ్చినా అది తల పెంచుకోవడానికే ఏళ్ళు పడుతుంది. సన్నగా పొడుగ్గా సాగిన చెట్లను ఒక్కసారిగా విడదీస్తే గాలికి వంగిపోతాయి. టేకు మీద హఠాత్తుగా ఎండ పడితే మాను పొడుగునా పిలకలు పుట్టి దుంగ నాణ్యత చెడుతుంది.

ఇది నా ఇంటి అనుభవం కూడా. మా నాన్నగారు ఇచ్చిన అరెకరంలో 2009లో ఆరడుగులకొకటి చొప్పున ఆరువందల టేకు నాటాను. 2014లో మొదటి పలుచన వేళకు మా ఇంటావిడ అడ్డుపడింది. "ఏమండీ, నీళ్ళు మోసి పెంచినవాటిని మీ చేత్తో మీరే నరికిస్తారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ మాట కాదనలేక తూర్పు వైపు మూడు వరుసలు ఆవిడకు వదిలేశాను. మిగతా దానిలో సగం తీయించాను. 2019లో మళ్ళీ సగం. మొన్న సంక్రాంతికి టేపు పట్టుకుని ఇద్దరం కొలిచాం. పలుచన చేసిన చోట చెట్లు 26, 28 అంగుళాలున్నాయి. ఆవిడ వరుసల్లో చాలావరకు 15, 16. కొన్ని ఎండిపోయాయి. ఎత్తు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ ఏడు నా వరుసల్లో కూడా గుర్తులు పెట్టండి" అంది. పెట్టాను. కాని ఐదో ఏట చేయవలసిన పని అది.

అయితే ఈ లెక్క అన్ని చెట్లకూ ఒకటి కాదు, అన్ని అవసరాలకూ ఒకటి కాదు. మన కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు మూడు నాలుగడుగులకొకటి వేస్తారు. మూడు నాలుగేళ్ళకు నరికి గుంజలకో, వంటచెరకుకో, కాగితం గుజ్జుకో అమ్ముతారు. వారికి కావలసింది బరువు. టన్నుల లెక్కన అమ్మేవాడికి ఒక్కో చెట్టు లావుతో పనిలేదు, ఎకరం మొత్తంతోనే పని. కాబట్టి ఆ ఇరుకు వారికి తప్పు కాదు, లాభమే. సుబాబులు, జామాయిలు వేసే రైతుదీ అదే లెక్క. జామాయిలు నరికాక మోడు నుంచి అయిదారు పిలకలు వస్తే, తెలిసిన రైతు ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేస్తాడు. ఒకే మోడు మీద పిలకల మధ్య కూడా అదే పోటీ మరి.

శ్రీగంధం సంగతి ఇంకా వేరు. అది సగం పరాన్నజీవి. ఆకులతో తన వంట తాను చేసుకుంటుంది గాని, నీరు, లవణాలు చాలావరకు పక్క మొక్కల వేళ్ళకు తన వేరు తగిలించి లాక్కుంటుంది. దానికి పక్క మొక్క పోటీదారు కాదు, అన్నదాత. అందుకే చిన్నప్పుడు మొదట్లో కంది మొక్క, తర్వాత సరుగుడు లాంటి చెట్టు తోడు పెడతారు. తోడు లేకుండా ఒక్క శ్రీగంధాన్నే గళ్ళు గీసినట్లు నాటితే నీరసిస్తుంది. తోడు మరీ పెద్దదై నెత్తిన నీడ పడితే అదీ చేటే. పైగా దానిలో ధర పలికేది చేవకు. చేవ చెట్టు చెట్టుకూ తేడాగా పడుతుంది, వయసు చూసి చెప్పడానికి లేదు. కాబట్టి ఎవరైనా "శ్రీగంధం ఇన్ని మొక్కలు" అని చెబితే, "తోడు ఏ మొక్కలు? ఎంత దూరంలో?" అని ముందు అడగండి.

ఇక నా బాకీ సంగతి.

మా హెడ్‌గుమాస్తాగారు 1995లో పదవీ విరమణ చేశారు. ఆ రోజుల్లో టేకు పథకాల ప్రకటనలు పత్రికల నిండా ఉండేవి, మీలో చాలామందికి జ్ఞాపకముంటుంది. 1996లో ఒకనాడు ఆయన అలాంటి కాగితమొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఒక్కో చెట్టుకు వెయ్యి రూపాయలు కడితే, ఇరవై ఏళ్ళకు యాభై వేలు. ప్రతి చెట్టుకూ నంబరు, ప్రతి నంబరుకూ ముద్రవేసిన ధ్రువపత్రం. "నీకు రిజిస్టర్లన్నీ నోటికి వచ్చుగదా నాయనా, ఏమంటావు?" అని అడిగారు.

నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ టేకు ఎకరానికి ఎన్ని నిలుస్తాయో, ఎంత లావుంటాయో నేను రాసిన రిజిస్టర్లలోనే ఉంది. డెహ్రాడూను అటవీ పరిశోధన సంస్థవారి దిగుబడి పట్టికలు మా బీరువాలోనే ఉన్నాయి. ఒక్కమాట చెబితే సరిపోయేది. కాని ఆయన నాకు నోటు రాయడం నేర్పిన మనిషి, నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. అప్పటికే మనసులో ఖాయం చేసుకుని వచ్చారనిపించింది. "మీరు ఆలోచించే ఉంటారు సార్" అన్నాను. ఆయన గ్రాట్యుటీలో నుంచి అరవై వేలు కట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన కట్టారు గదా అని నేనూ అయిదు చెట్లు కొన్నాను.

1998 నాటికి ఆ సంస్థ నుంచి ఉత్తరాలకు జవాబు రావడం ఆగిపోయింది. అలాంటి పథకాల మీద సెబీ నిబంధనలు 1999 అక్టోబరులో వచ్చాయి. మాకు అప్పటికే ఆలస్యమైంది. 2000లో ఇద్దరం బస్సెక్కి ఆ తోట చూడటానికి వెళ్ళాం. తోట ఉంది. మాయ కాదు. ఆరడుగులకొకటి, ఒక్కటి కూడా తీయకుండా, చెట్టుకో రేకు నంబరు కొట్టి ఉంది. పైన పందిరి, కింద ఎండుకొమ్మలు, మాను ముంజేతి లావు. నాకు 1977లో ఆ ఫారెస్టరు చూపించిన తోటే మళ్ళీ కళ్ళముందు కనిపించింది.

కాపలావాడు ఒక్కడే మిగిలాడక్కడ. "ఏమయ్యా, వీటిని పలుచన చేయలేదేం?" అని అడిగాను. "సగం కొట్టెయ్యాలని నాకూ తెలుసండయ్యా. ప్రతి చెట్టుకీ ఒక ఆసామీ ఉన్నాడు గదండీ. ఏ నంబరు కొట్టమంటారు?" అన్నాడు.

మిత్రులారా, ఆ ఒక్క మాటలో అంతా ఉంది. తోటను ఎకరంగా అమ్మితే పలుచన చేయవచ్చు, తీసిన వాసాల డబ్బు అందరికీ పంచవచ్చు. చెట్టు చెట్టుగా అమ్మిన తోటను పలుచన చేయడానికి వీల్లేదు. పలుచన చేయని తోటలో ఏ చెట్టూ దూలం కాదు. ఆ సంస్థవారు నిజాయితీపరులే అనుకున్నా, ధ్రువపత్రాల మీద నంబర్లు వేసిన రోజునే ఆ పథకం చెడిపోయింది. వెయ్యి మందికి వెయ్యి పెద్ద చెట్లు ఇస్తామన్నారు. ఆ నేల మీద నిలిచేవి వందలోపే.

హెడ్‌గుమాస్తాగారు తన నంబర్లలో ఒకటి వెతికి పట్టుకుని, ఆ మాను మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ముప్పయ్యేళ్ళు అందరి బిల్లుల్లో కూడికలు తనిఖీ చేశాను నాయనా. ఈ కాగితంలో కూడిక సరిగ్గానే ఉంది. వోచరు చూడలేదు" అన్నారు. నన్ను ఒక్కమాట అనలేదు. అనివుంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆయన 2006లో కాలం చేశారు. ఆ డబ్బు రాలేదు.

అప్పుడు ఆయనకు చెప్పవలసింది ఇప్పుడు మీకు చెబుతున్నాను. చెట్ల మీద డబ్బు పెట్టవద్దని నేననను. సొంత నేల ఉండి, ఓపిక ఉండి, పిల్లలు చూసుకుంటామంటే తప్పక నాటండి.  కాని ఎవరైనా కాగితం తెస్తే ఈ ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఎకరానికి ఎన్ని నాటారు, చివరికి ఎన్ని మిగులుతాయి? ఈ రెండు అంకెలూ ఒకటే అని చెబితే ఆ కాగితం అక్కడే మడిచి ఇచ్చేయండి.

రెండు, పలుచన ఏ ఏట చేస్తారు, ఏ చెట్టు తీయాలో ఎవరు నిర్ణయిస్తారు, తీసిన కలప డబ్బు ఎవరిది? దీనికి రాతపూర్వకంగా జవాబుండాలి.

మూడు, మన పేర రిజిస్టరయ్యేది నేలా, లేక చెట్ల నంబర్లా? పదిమంది డబ్బు పోగుచేసి ఒకరే నడిపే పథకమైతే సెబీలో నమోదైందా? సెబీ జాబితాను మన పిల్లలు ఫోనులోనే చూసి చెప్పగలరు.

నాలుగు, చెప్పిన ధర ఏ లావు చెట్టుకు? ఆ లావు ఏ వయసుకు వస్తుంది? ఇరవై ఏళ్ళ చెట్టుకు అరవయ్యేళ్ళ చెట్టు ధర వేశారేమో చూడండి.

అయిదు, టేకు, శ్రీగంధం లాంటివి మన సొంత నేలలో ఉన్నా నరకడానికి, తరలించడానికి అనుమతులు కావాలి. 2002 నాటి వాల్టా చట్టం కూడా ఉంది. ఆ అనుమతులు ఎవరు తెస్తారు?

ఆఖరిది, అన్నిటికన్నా తేలికైనది. సంతకం పెట్టే ముందు ఒక్కసారి తోటలోకి వెళ్ళి, మధ్యలో నిలబడి పైకి చూడండి. తర్వాత కిందికి చూడండి. కొమ్మలు ఎంత కింది వరకు పచ్చగా ఉన్నాయో చూడండి. ఒక టేపు జేబులో పెట్టుకు వెళ్ళండి. వెళ్ళడానికి ఓపిక లేనివారు నాకు కబురు చేయండి, తోడు వస్తాను. ఈసారి "మీరు ఆలోచించే ఉంటారు" అని మాత్రం అనను.